పడుచు ఆటగాండ్రకు కోట్ల వేతనము తగునా?

వేసవి ఆరంభమున ఉప్పలు క్రీడారంగమందలి దీపస్తంభములు వెలిగినవనగా, ఇటు నాచారము మొదలుకొని అటు వరంగల్లు బాటపై పోచారము వరకును గల ఇండ్లలో ఆ సాయంకాలము వంట పెందలకడ ముగించుట వాడుకయై పోయినది. స్టేడియము స్టేషనున మెట్రో రైలు దిగు జనమునకు లెక్క యుండదు. టిక్కెట్టు దొరకనివారు ఇంట టెలివిజను నెదుట చేరుదురు. ఆట చూచుచుండగనే ఒక ప్రశ్న పుట్టును. “నిన్నమొన్నటి పిల్లవాడు! వానికి ఏటికి పదునాలుగు కోట్లట! ఇది న్యాయమేనా?” అని అత్తగారడుగును. “ఆడినవాని కిచ్చిన తప్పేమి, అత్తయ్యా?” అని కోడలనును. పండ్రెండేండ్ల మనుమడు మాత్రము, “అమ్మా, నన్నును అకాడమీలో చేర్పింపవే” అని తల్లి కొంగు పట్టుకొనును.

సోదరీమణులారా! ఈ మూడు మాటలలోను మూడవదియే మనకు మిక్కిలి ముఖ్యమైనది. మొదటి రెండును ఇతరుల సొమ్మును గూర్చిన ముచ్చటలు. మూడవది మన బిడ్డ చదువును, మన ఇంటి పొదుపును పణముగా నడుగుచున్నది. కావున పడుచు ఆటగాండ్రకు ఇంతింత వేతనము తగునా యను ప్రశ్నను ఇల్లాండ్ర దృష్టితో విచారింప దలచితిమి.

మొదట సంగతి యేమో తెలిసికొందము. ఇండియన్ ప్రీమియర్ లీగు అను క్రికెట్టు పోటీలలో పది జట్లు కలవు. ఆటగాండ్రను వేలమున కొందురు. నచ్చినవారిని మరల వేలమునకు విడువక, వేతనము పెంచి తమ యొద్దనే యుంచుకొందురు. మన హైదరాబాదు జట్టగు సన్‌రైజర్స్ 2024 అక్టోబరు 31వ తేదీన ఇట్లు ఐదుగురిని నిలుపుకొనెను. వారిలో అభిషేక్ శర్మకు 14 కోట్లును, విశాఖపట్టణపు బిడ్డ నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లును ఏటి వేతనముగా నిర్ణయించిరి. అభిషేకుని 2018లో ఢిల్లీ జట్టు కొన్న ధర 55 లక్షలు. 2022లో సన్‌రైజర్స్ వారిచ్చినది ఆరున్నర కోట్లు. నితీశ్ మొదటి ధర 20 లక్షలే. అనగా రెండు ఋతువులలో అతని వేతనము ముప్పదిరెట్లయ్యెను! అప్పటి కతనికి ఇరువదియొక్క సంవత్సరములు.

దీనిని మించిన వింత 2025 డిసెంబరులో జరిగినది. భారతదేశపు జట్టున ఒక్క ఆటయైనను ఆడియుండని ప్రశాంత్ వీర్, కార్తీక్ శర్మ అను ఇరువురు యువకులను చెన్నై జట్టు వేలమున ఒక్కొక్కరిని 14 కోట్ల 20 లక్షలకు కొనెను. ఒకనికి ఇరువది, మరియొకనికి పందొమ్మిది సంవత్సరములు. మన ఇండ్లలో ఆ యీడు పిల్లలు కాలేజీకి బస్సు చార్జీ అడుగుచుందురు గదా!

ఇంత ధనము ఎక్కడినుండి వచ్చుచున్నది? కొందరు తలచునట్లు ఇది సర్కారు ఖజానా సొమ్ము కాదు. 2023 మొదలు 2027 వరకు ఐదేండ్ల పాటు ఈ ఆటలను టెలివిజనులోను, ఫోనులోను చూపు హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినవి. సరాసరిని ఒక్కొక్క ఆటకు నూటపదునెనిమిది కోట్లు! ఆ మూల్యము చెల్లించినవారు దానిని ప్రకటనల మూలమునను, చందాల మూలమునను రాబట్టుకొందురు. సబ్బు, టీపొడి, శీతల పానీయము మొదలగువాని ప్రకటనలు ఆట నడుమ నడుమ వచ్చుటకు హేతువిదియే. మనము కొను సరకుల వెలలో ఆ ప్రకటనల వ్యయము కలిసియున్నది. కావున, చెల్లింపు చీటీపై మన పేరు లేకున్నను, ఈ వేతనములలో మన పోపులపెట్టె పైకము కొంత కలదని తెలియవలెను.

ఇందులో ఆటగాండ్రకు ముట్టునదెంత? 2025వ సంవత్సరమున జట్టొక్కింటికి ఆటగాండ్రను కొనుటకు నిర్ణయించిన మొత్తము 120 కోట్లు. పది జట్లకు 1,200 కోట్లు. ప్రసార హక్కుల రాబడియే సరాసరిని ఏటికి 9,600 కోట్లకు పైగా నున్నది. ఆటకు ఏడున్నర లక్షల చొప్పున ఇచ్చు ప్రత్యేకపు ఫీజును కలుపుకొన్నను, ఆటగాండ్ర భాగము ఆ రాబడిలో ఆరవ వంతునకు కూడ చేరదు. అమెరికా దేశపు బాస్కెట్‌బాల్ లీగులో ఆ ఆట మూలమున వచ్చు రాబడిలో ఇంచుమించు సగము ఆటగాండ్రకే చెందునట్లు వారి సంఘము యజమానులతో ఒడంబడిక చేసికొనియున్నది. అచ్చట మొదటి వరుసలో ఎంపికైన యువకుడు నాలుగేండ్లు నిర్ణీత వేతనమున కాడి, పిమ్మట మరి ఐదేండ్లకు కాంట్రాక్టు పొడిగించుకొనవచ్చును. జట్టు మొత్తమునకు విధించిన వేతన పరిమితిలో నాలుగవ వంతు, కొన్ని ఘనతలు సాధించిన వానికి నూటికి ముప్పది వంతులు, వానికొక్కనికే ఈయవచ్చును. ఆ లెక్కలతో పోల్చినచో మన పిల్లలకు ఎక్కువ ముట్టుచున్నదనుటకంటె, యజమానుల యొద్ద ఎక్కువ మిగులుచున్నదనుటయే న్యాయముగా తోచును.

ఇక నొక మాట. ఈ ధనమంతయు నిర్మలమైనదని మేము చెప్పజాలము. కొన్నేండ్ల పాటు క్రికెట్టు ప్రకటనలలో పెద్ద భాగము ఫోనుపై డబ్బు ఒడ్డి ఆడు ఊహాక్రీడల కంపెనీలది. ఆ వ్యసనమున జీతములు పోగొట్టుకొని, భార్య నగలు కుదువబెట్టినవారి కథలు వినని పేట లేదు. తెలంగాణమున 2017లోనే అట్టి ఆటలను నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టముచే దేశమంతటను డబ్బు ఒడ్డు ఆన్‌లైను ఆటలు నిషిద్ధములైనవి. ఆటగాని వేతనమును విమర్శించు నోటితోనే, ఆ వేతనము ఏ కాలువగుండ పారివచ్చుచున్నదో కూడ విచారించుట మంచిది.

పూర్వ మెట్లుండెనో చూతము. మన తెలుగు వంశమువాడగు సి. కె. నాయుడుగారు 1932లో భారత జట్టునకు మొట్టమొదటి టెస్టు నాయకుడు. ఆయనకు జీవనాధారమైనది ఇందూరు హోల్కరు మహారాజు సైన్యమున నిచ్చిన కాప్టెను పదవి. అనగా ఆటగాడు రాజు దయపై బ్రదికినాడు. పిమ్మట రైల్వేలు, బ్యాంకులు ఉద్యోగములిచ్చి పోషించినవి. 1983లో మనవారు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, బహుమాన మిచ్చుటకు క్రికెట్టు బోర్డు చేతిలో పైకము లేక, లతా మంగేష్కరు ఢిల్లీలో కచేరీ చేసి కూర్చిన ధనముతో ఒక్కొక్కరికి లక్ష రూపాయలిచ్చిరి. జగజ్జేతలకు పాటకచేరీ పైకము! మన సికింద్రాబాదున పెరిగిన మిథాలీ రాజ్ సంగతి యింకను శోచనీయము. 2005లో ఆమె నాయకత్వమున మన స్త్రీల జట్టు ప్రపంచ కప్పు తుదిపోటీ వరకు వెళ్లెను. అప్పుడు తమకు ముట్టినది ఆటకు వేయి రూపాయల చొప్పున ఎనిమిది వేలే యని ఆమెయే చెప్పియున్నది. ఏటి కాంట్రాక్టులు మన స్త్రీలకు 2015లో గాని రాలేదు.

ఈ చరిత్ర తెలిసినవారికి ఒక విషయము స్పష్టము కాగలదు. ఒకరి దయగా వచ్చు లక్షకంటె, ఒడంబడికగా వచ్చు జీతము గౌరవప్రదమైనది. మెచ్చికోలు మాయమగును, కాంట్రాక్టు నిలుచును. ఇంటి పనిమనిషికి పండుగనాడు చీర పెట్టి సంతోషపడుటకంటె నెలజీతము నియమముగా పెంచుటయే న్యాయమని ఎరిగిన మనకు ఈ భేదము కొత్తది కాదు.

“అయినను పిల్లలకు చదువు చెప్పు పంతులమ్మకు, రేయింబవళ్లు రోగులను కాచు నర్సమ్మకు లేని వేతనము బంతి కొట్టువానికేల? పోచారము ఇన్ఫోసిస్‌లో దినమంతయు కంప్యూటరు నెదుట కూర్చుండు ఇంజనీరు బ్రతుకంతయు కష్టించినను ఆ సొమ్ము కూడబెట్టగలడా?” అని యడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కాని ధరకును విలువకును భేదము కలదు. నీటికంటె వజ్రము ప్రియమైనంత మాత్రమున నీటికంటె వజ్రము ముఖ్యమగునా? 2025 ఏప్రిల్ 12వ తేదీ రాత్రి ఉప్పలులో పంజాబు జట్టు 245 పరుగులు చేయగా, అభిషేక్ శర్మ యొక్కడే 55 బంతులలో 141 పరుగులు చేసి జట్టును గెలిపించెను. ఆ సాయంకాలము కోట్లమంది చూచిన పని మరియొకరు చేయలేరు. అందువలన దానికా ధర. పంతులమ్మ జీతము చాలకున్నచో దానిని పెంచుమని సర్కారును నిలదీయవలసినదే. ఆటగాని జీతము తగ్గించినంత మాత్రమున ఆ మిగులు బడికి చేరదు, జట్టు యజమాని పెట్టెలోనికే పోవును.

ఇంకొక విశేషము ఆయుష్యము. ఇంజనీరు ముప్పదియైదేండ్లు సంపాదించును. ఆటగానికి పది పదునైదేండ్లు దొరికిన అదృష్టమే. ఆ స్వల్ప కాలమున సంపాదించినదానిలో, పెద్ద రాబడిపై నూటికి సుమారు 39 రూపాయల వరకు ఆదాయపు పన్నుగా పోవును. పైగా శరీరము ఎప్పుడు మోసగించునో తెలియదు. అమెరికాలో డెరిక్ రోజ్ అను బాస్కెట్‌బాల్ ఆటగాడు ఇరువదిరెండేండ్లకే 2011లో అక్కడి అత్యుత్తమ క్రీడాకారుడను బిరుదు నంది, ఆ డిసెంబరులో ఐదేండ్లకు సుమారు 9 కోట్ల 40 లక్షల డాలర్ల పొడిగింపు పొందెను. నాలుగు నెలలు గడిచెనో లేదో, 2012 ఏప్రిల్ 28వ తేదీన మోకాలి నరము తెగి, మరుసటి సంవత్సరమంతయు ఆట కెక్కలేకపోయెను. అచ్చటి ఒడంబడిక దృఢమైనది కావున జీతము ఆగలేదు. మన లీగులోనో, జట్టు వలదనుకొన్నచో ఏ సంవత్సరమున కా సంవత్సరమే విడిచిపెట్టవచ్చును. 2022లో ఢిల్లీ జట్టు ఏడున్నర కోట్లకు నిలుపుకొన్న పృథ్వీ షాను 2024 నవంబరు వేలమున 75 లక్షలకు కూడ కొనువారు లేకపోయిరి. అప్పటి కతనికి ఇరువదియైదేండ్లే! మరుసటి యేడు ఢిల్లీవారే ఆ 75 లక్షలకు మరల తీసికొనిరి. ఇరువదియైదేండ్లకు మన కుర్రవాడు మొదటి ఉద్యోగమున నిలదొక్కుకొనుచుండును. ఆటగాడు ఆ యీడుననే ఎక్కి, దిగి, మరల ఎక్కుటకు పెనుగులాడుచుండును.

కావున ఈ పిల్లలకు ఈ వేతనము తగునా యన్నచో, తగుననియే మా యభిప్రాయము. వారెవరి కూడును లాగుకొనుటలేదు. చూచువారు కోరి ఇచ్చిన సొమ్ములో కొంత భాగమును, కొద్దికాలము, శరీరమును పణము పెట్టి పొందుచున్నారు.

కాని, సోదరీమణులారా, ఆ కోట్లు ఆటగానికి తగుననుట వేరు. ఆ కోట్లను చూచి మన ఇంటి బ్రదుకును తీర్చుకొనుట వేరు. ఇక్కడనే మనము మిక్కిలి జాగరూకతతో నుండవలెను.

ప్రతి కోటి వెనుకను ఒక ఇల్లు కలదు. మన నగరపు మొహమ్మద్ సిరాజు తండ్రి ఆటో నడిపి కుమారుని పెంచెను. 2017 వేలమున సన్‌రైజర్స్ జట్టు 2 కోట్ల 60 లక్షలకు సిరాజును కొన్నప్పుడు ఆ ఇంట కష్టము గట్టెక్కినది. 2020 నవంబరున ఆ తండ్రి మరణించునాటికి కుమారుడు ఆస్ట్రేలియాలో జట్టుతో నుండెను. కడసారి చూపు లేకయే అచ్చట నిలిచి, ఆ పర్యటనలోనే టెస్టు ఆటలలో ప్రవేశించెను. తిలక్ వర్మ తండ్రి ఎలెక్ట్రీషియను. సలామ్ బయాష్ అను గురువు చేరదీసి శిక్షణయు పరికరములును సమకూర్పకున్నచో ఆ పిల్లవాడు 2022లో ముంబాయి జట్టున కోటి 70 లక్షలకు చేరియుండడు. నేడతని వేతనము 8 కోట్లు. నితీశ్ తండ్రి ముత్యాలరెడ్డిగారు, హిందుస్థాన్ జింకు కంపెనీవారు ఉదయపురమునకు బదిలీ చేయగా, కుమారుని సాధన చెడునని ఉద్యోగమునే వదులుకొనిరి. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ నగరమున కుమారుడు శతకము చేసినప్పుడు జనము మధ్య ఆయన కార్చిన కన్నీరు లోకమంతయు చూచెను.

ఆ కన్నీటిని చూచి మన కన్నులును చెమర్చినవి. అయినను ఒక లెక్క మరువరాదు. జట్టునకు ఇరువదియైదుగురికి మించరాదు. అందెనిమిదిమంది విదేశీయులు కావచ్చును. పది జట్లలోను అట్లు నిండినచో మన దేశపు పిల్లలకు మిగులునవి నూటడెబ్బది స్థానములు. వానికై ఎన్ని లక్షల ఇండ్లలో బ్యాట్లు కొనబడుచున్నవో ఊహింపుడు! మంచి ఇంగ్లీషు విల్లో బ్యాటు ఒక్కటి పదులవేలకు తక్కువ లేదు; ప్యాడ్లు, గ్లౌజులు, హెల్మెట్టు, శిక్షణ రుసుము, ప్రయాణములు వేరు. ఉద్యోగము వదలిన తండ్రులలో కుమారుడు గెలిచినవాని పేరు పత్రికల కెక్కును. గెలువనివాని అప్పు భార్య మెడలోని గొలుసున కెక్కును. ఆ ఇండ్ల కథలు ఎవరును వ్రాయరు.

కావున తల్లులకు మా మనవి యేమన, బిడ్డ ఆడుదుననిన ఆడనిండు. ఆట శరీరమునకు బలమును, మనస్సునకు ఓటమి నోర్చు గుణమును నేర్పును. ఆ లాభము కోట్లు రాకున్నను వచ్చునదే. కాని పండ్రెండవ తరగతి ముగియువరకు బడి మాన్పింపకుడు. ఇంటి రాబడిలో ఇంత మాత్రమే ఆటకని యేటి మొదటనే నిర్ణయించి, దానికి మించి అప్పు చేయకుడు. ఇల్లు గాని, ఆడుబిడ్డ పెండ్లికని దాచినది గాని తాకట్టు పెట్టకుడు. వయస్సు ననుసరించి జరుగు జిల్లా, రాష్ట్ర ఎంపికలలో బిడ్డ ఎచ్చట నిలిచెనో రెండు మూడేండ్ల కొకసారి నిష్పక్షపాతముగా చూచి, పదునెనిమిదేండ్ల నాటికి మార్గమును నిశ్చయించుకొనుడు. బిడ్డను ప్రేమించుటకు వాని పరుగులు లెక్క కారాదు; గెలువక ఇంటికి వచ్చిన రాత్రి మరింత ఆప్యాయముగా అన్నము వడ్డింపవలెను.

ఆడుపిల్లల మాట మరువకుడు. భద్రాచలపు గొంగడి త్రిష తండ్రి కుమార్తె శిక్షణకై ఉన్న ఉద్యోగము వదలి సికింద్రాబాదు చేరిరి. ఆమె 2025లో మలేషియాలో జరిగిన పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచ కప్పున ఉత్తమ క్రీడాకారిణి యయ్యెను. తెలంగాణ సర్కారు కోటి రూపాయల బహుమానము ప్రకటించెను. కడప జిల్లా బిడ్డ శ్రీచరణి 2025 నవంబరు 2వ తేదీన మన స్త్రీలు ప్రపంచ కప్పు గెలిచిన జట్టున నుండి, ఆ పోటీలలో 14 వికెట్లు తీసెను. ఢిల్లీ జట్టు మొదట ఆమెకు పలికిన ధర 55 లక్షలు. ఆ విజయము పిమ్మట కోటి 30 లక్షలు. దేశము తరపున ఆడు ఆటలకు 2022 అక్టోబరు నుండి స్త్రీపురుషులకు సమానముగ ఫీజు ఇచ్చుచున్నారు. లీగు వేతనములలో మాత్రము అంతర మెంతయో కలదు. 2023లో స్త్రీల లీగు తొలి వేలమున స్మృతి మంధానకు వచ్చిన 3 కోట్ల 40 లక్షలే అత్యధికము; ఆ ఋతువుననే పురుషుల వేలమున అత్యధికము 18 కోట్ల 50 లక్షలు. కారణము సుస్పష్టము. స్త్రీల లీగు ప్రసార హక్కులు ఐదేండ్లకు 951 కోట్లకే పోయినవి; పురుషులవి దానికి ఏబదిరెట్లు. చూచువారిని బట్టి ధర! ఇందు మన చేతిలో నున్న పని యొకటి కలదు. పురుషుల ఆటకై వంట పెందలకడ ముగించు మనము, మన ఆడుబిడ్డల ఆటకును ఒక సాయంకాలము కేటాయించినచో, వారి వేతనము పెరుగుటకు మన వంతు సాయము చేసినవారమగుదుము.

కోట్లు వచ్చిన పిల్లలకును ఒక మాట చెప్పవలసియున్నది. 2008లో ఈ లీగు పుట్టినప్పుడు మన వి. వి. యస్. లక్ష్మణ్‌గారికి జట్టులో అందరికంటె అధిక వేతనము తెచ్చు ప్రత్యేక స్థానము దక్కవలసియుండగా, దానిని వదులుకొని, ఆ ధనముతో డెక్కన్ చార్జర్సు జట్టు మంచి ఆటగాండ్రను కొనుటకు వీలు కల్పించిరి. ఆ జట్టు మరుసటి యేడు, 2009లో, కప్పు గెలిచెను. తనకు తగినది తాను తీసికొనుట న్యాయము. తన వెంట నడచువారికి కొంత విడుచుట ఘనత. వచ్చిన సొమ్ములో ముందు తలిదండ్రుల అప్పు తీర్చి, నిలువనీడ కల్పించి, ఆట ముగిసిన పిమ్మటి నలుబదియేండ్ల కొరకు దాచి, తమకు బంతి పట్టుట నేర్పిన గురువును, తాము పెరిగిన పేటలోని మైదానమును మరువని బిడ్డకు ఎంత వేతనమిచ్చినను అధికము కాదని మేము తలంచుచున్నాము.

పిల్లవాని చేతికి బ్యాటు ఇచ్చినప్పుడు, రెండవ చేతిలో పుస్తకమును విడువనీయకుండుట తల్లులు చేయదగిన పని. కోటి రూపాయలు ఏ యింటికో వచ్చును. ఓర్పును చదువును గల బిడ్డలు ప్రతి యింటను ఉండవచ్చును.